గోదారి పాయల్లో నాలుగు రోజులు: గదికి కాదు, పడవకి డబ్బు పెట్టండి

మాది పాలకొల్లు. ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాం. సంక్రాంతికి వెళ్లడం, నాలుగు రోజులు తిని పడుకుని మళ్లీ బస్సెక్కడం, అంతే. మా ఆయన ఆఫీసులో ఒకాయన ఇండోనేషియా దీవుల మధ్య చిన్న ఓడలో పది రోజులు తిరిగొచ్చి ఫొటోలు చూపించారట, రోజుకో దీవి, పొద్దున్నే రబ్బరు పడవలోకి దిగి మడ అడవుల్లోకి వెళ్లడం, మధ్యాహ్నానికి ఓడకి తిరిగి రావడం. ఆ ఫొటోలు నేనూ చూశాను. మడ అడవుల కోసం అంత దూరం ఎందుకు, మనకి కాకినాడ దగ్గర కోరంగి ఉంది కదా అని ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. నరసాపురంలో ఎక్కి కోరంగిలో దిగే బోటు ఏదీ మాకు దొరకలేదు. ధవళేశ్వరం దిగాక గోదారి పడమరకి వశిష్ఠగా, తూర్పుకి గౌతమిగా చీలుతుంది, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది, మధ్యలో ఉన్న నేలే కోనసీమ. ఈ పాయలు కింద కలిసేది సముద్రంలోనే. అందుకని పాయకో పడవ మాట్లాడుకుని, మధ్యలో రోడ్డు మీద వెళ్లాం. మొత్తం ఐదుగురం: నేను, మా ఆయన, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు, పదేళ్ల పాప, తమ్ముడు.

తమ్ముడి స్నేహితుడి ద్వారా లంకలో, అంటే గోదారి మధ్య దిబ్బ మీది ఊళ్లో, ఉండే ఒక సరంగు (పడవ నడిపే) గారితో మాట్లాడినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట తారీఖు కాదు, "ఏ తిథికి వస్తారమ్మా?" అని. నాకు వెంటనే అర్థం కాలేదు. పౌర్ణమికి, అమావాస్యకి సముద్రపు పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది, అష్టమి దగ్గర రెండూ చప్పగా ఉంటాయి, పోటు లేకపోతే చిన్న పాయల్లోకి పడవ వెళ్లదు, అదీ ఆయన చెప్పింది. రోజుకి రెండు పోట్లు, రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. అంతర్వేది కల్యాణోత్సవాలు మాఘ పౌర్ణమితో అయిపోతాయి కాబట్టి బహుళ విదియకి బయల్దేరాం. రద్దీ ఉండదు, నీటికి పౌర్ణమి ఊపు ఇంకా ఉంటుంది. ఈ యాత్రలో మేం తీసుకున్న మంచి నిర్ణయం ఇదొక్కటే అన్నా తప్పు లేదు.

మొదటి రోజు నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటాం. పంటు తెలియనివాళ్లకి చెప్తున్నాను, అది కార్లూ, బైకులూ, మనుషులూ కలిసి వశిష్ఠ దాటే వెడల్పాటి బల్లపరుపు పడవ. మా పక్కన ఒకాయన సైకిల్‌కి రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని నిలబడ్డాడు, క్యాను మూతల కింద తడి గడ్డి కుక్కి ఉంది, పాలు తొణక్కుండా. పంటు ఒడ్డుకి తగిలే క్షణంలో అందరూ ఒక కాలు ముందుకు వేసి నిలదొక్కుకున్నారు, మేం తప్ప. కారులో పెద్దవాళ్లుంటే దిగకుండానే దాటొచ్చు కాబట్టి అత్తయ్యగారికి ఇబ్బంది కాలేదు.

అంతర్వేదిలో స్వామి దర్శనం అరగంటలో అయిపోయింది. గుడి దగ్గర్నుంచి ఆటోలో సముద్రం ఒడ్డుకి వెళ్లి, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది, సముద్రం కలిసే చోటు చూశాం. తీర్థం అయి రెండు రోజులే కావడంతో ఒడ్డంతా ప్లాస్టిక్. ఊడుస్తున్నవాళ్లు ఉన్నారు, కానీ ఇద్దరే.

ఆ రాత్రికి రాజోలు దీవి వైపు హౌస్‌బోటు బుక్ చేశాం. పేరు రాయను. ఏసీ గది, పరుపు, బాత్రూమ్ అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. కానీ గంటసేపు అటూ ఇటూ తిప్పి, చీకటి పడకముందే ఒడ్డుకి కట్టేశారు. చీకట్లో నడపకపోవడం మంచిదే, దానికి నేను ఏమీ అనను. మరి 'రాత్రంతా నది మీద ప్రయాణం' అని ఫోన్‌లో ఎందుకు చెప్పాలి? రాత్రంతా జనరేటర్ మోత, కిటికీ తీస్తే డీజిల్ వాసన. భోజనంలో పనీర్ బటర్ మసాలా, జీడిపప్పు ఫ్రైడ్ రైస్. చుట్టూ గోదారి, ఒడ్డు నిండా కొబ్బరి తోటలు, పళ్లెంలో మాత్రం ఒక్క చేప ముక్క లేదు, కొబ్బరి పచ్చడి కూడా లేదు. అంతకంటే నాకు కోపం వచ్చిన విషయం ఇంకోటి: పాపకి సరిపోయే లైఫ్ జాకెట్ లేదు. పెద్దవాళ్ల జాకెట్ ఇచ్చి "గట్టిగా కట్టండి మేడమ్" అన్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిన సంగతి ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. డబ్బు కట్టే ముందే పిల్లల జాకెట్ ఉందా అని అడగండి, ఉందంటే ఫొటో పంపమనండి.

రెండో రోజు పొద్దున్న ఆరున్నరకి సరంగు గారి పడవ రేవుకి వచ్చింది. ఇంజను పెట్టిన ఫైబర్ పడవ, పైన టార్పాలిన్ నీడ, ఐదు ప్లాస్టిక్ కుర్చీలు, ఐదు జాకెట్లు, అందులో ఒకటి చిన్నది. "పాపగారికి మా మనవరాలిది తెచ్చానండీ ఆయ్" అన్నారు. అత్తయ్యగారు ఎక్కడానికి బల్ల వేసి, ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి చెయ్యి అందించారు. ఐదు గంటలు తిరిగితే అయిన ఖర్చు, హౌస్‌బోటులో ఒక రాత్రికి కట్టిన డబ్బులో మూడో వంతు కూడా కాలేదు.

పోటు ఎక్కుతున్నప్పుడు నదిలో పైకి వెళ్తే ఇంజను తక్కువ మోత చేస్తుంది, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఒక లంక వెనక సన్న పాయలోకి తిప్పి, ఆయన ఇంజను పూర్తిగా ఆపేసి గెడ తీసుకున్నారు. నీళ్లే మమ్మల్ని లోపలికి తీసుకెళ్లాయి. అరటి తోటలోంచి ఎవరో కేకేసి సరంగు గారిని కుశలం అడిగారు. ఒక లకుముకిపిట్ట మా ముందు నాలుగుసార్లు ఎగిరి, నాలుగుసార్లు కాస్త దూరంలో మళ్లీ వాలింది. పాప లెక్కపెట్టింది.

పాయ దాటి మళ్లీ పెద్ద నీళ్లలోకి వచ్చాక ఆయన చెయ్యి చాపి చూపించారు. ఒడ్డుకి చాలా దూరంగా, నది మధ్యలో ఒక వెదురు గెడ పాతి ఉంది, దాని మీద కొంగ వాలి ఉంది. "ఆ కొంగ ఉన్న చోటు మా తాత ఇంటి వాకిలమ్మా" అన్నారు. ఏటికోతకి లంక అంచు కొంచెం కొంచెంగా వెళ్లిపోయింది. ఇప్పటికీ ఒడ్డున కొబ్బరి చెట్లు సగం వేళ్లు గాల్లో పెట్టుకుని నీళ్ల మీదికి వంగి ఉన్నాయి. అత్తయ్యగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "వరద ఏ నెల్లో ఎక్కువ వస్తుంది బాబూ?" అని అడిగి, వాళ్ల ఊరి వరదల గురించి ఆయనతో గంటసేపు మాట్లాడుతూనే ఉన్నారు.

ఒక్క ఇబ్బంది, ఈ పడవలో బాత్రూమ్ ఉండదు. మధ్యలో లంక ఊళ్లో ఆగి ఒకరింట్లో అడగాల్సి వచ్చింది, వాళ్లు ఆదరంగానే రమ్మన్నారు, మజ్జిగ కూడా ఇచ్చారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది ముందే మాట్లాడుకోండి.

ఆ రాత్రి హౌస్‌బోటు కాదని కొబ్బరి తోటలో ఒక ఇంట్లో ఉన్నాం. రెండు గదులు, ఏసీ లేదు, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చి ఇచ్చారు. భోజనం మాత్రం పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు, గడ్డ పెరుగు. పులస సంగతి అడిగితే నవ్వి, శ్రావణంలో రండి అన్నారు. ఆ చేప సముద్రం నుంచి ఏటికి ఎదురీదేది ఎర్రనీళ్లు దిగినప్పుడే. మాఘంలో 'పులస' అని ఎక్కడైనా వడ్డిస్తే నమ్మకండి.

మూడో రోజు రోడ్డు ప్రయాణమే. అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తిన్నాం, ఆకు వాసన ఇడ్లీకి పట్టి ఉంటుంది, ఇంకేం చెప్పను. పాశర్లపూడి పేరున్న బోర్డు దాటుతుంటే పాపకి 1995 జనవరి 8న అక్కడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండిన సంగతి చెప్పాను. అప్పుడు రాజోలులో పెద్దమ్మగారింటికి వెళ్తే రాత్రి ఆకాశం ఎర్రగా కనిపించేది, మా పెద్దమ్మ బయట పడుకోనిచ్చేది కాదు. ముమ్మిడివరం దాటాక ఎదుర్లంక వంతెన మీదుగా గౌతమి దాటి యానాం చేరాం.

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, ఇప్పటికీ పుదుచ్చేరి కిందే. ఊరు శుభ్రం, నది ఒడ్డున నడవడానికి బాగుంది. గది మొత్తం యాత్రలోకి సుఖమైనది, లిఫ్ట్ ఉంది, అత్తయ్యగారు హాయిగా నిద్రపోయారు. బోటు షికారు మాత్రం ఇరవై నిమిషాలు, స్పీకర్లో పాటలు. గౌతమి అక్కడ సముద్రంలా ఉంటుంది, దాన్ని పాటలు లేకుండా చూడాలని ఉంటే పొద్దున్న ఐదున్నరకి ఒడ్డుకి రండి. వలలు దులుపుకుంటున్న బెస్తవాళ్లు తప్ప ఎవరూ ఉండరు.

నాలుగో రోజు కోరంగి. బహుళ పంచమి, పోటు మధ్యాహ్నం ఒంటిగంట దగ్గర అని సరంగు గారు ముందే లెక్కేసి చెప్పారు. అందుకని కావాలనే తొమ్మిదికే వెళ్లాం. మడ అడవిలో నీళ్లు లేనప్పుడు, నీళ్లు ఉన్నప్పుడు రెండూ చూడాలి. టికెట్ తీసుకుని చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద అంతా నల్లటి బురద, ఆ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ శ్వాస వేర్లు. బురదలో ఉన్న వేర్లకి గాలి అందేది వాటితోనే. బురద మీద చిన్న చేపలు గెంతుతున్నాయి, ఒక డెక్క మాత్రం పెద్దగా ఉన్న చిట్టి పీతలు ఆ డెక్క ఊపుతున్నాయి.

అక్కడి ఊరివాడే అయిన గైడ్ కుర్రాడు ఒక మడ ఆకు కోసి, వెనక వైపు తిప్పి పాపకి ఇచ్చి నాకి చూడమన్నాడు. ఉప్పన! ఎండలో చూస్తే ఆకు వెనక సన్న ఉప్పు పలుకులు మెరుస్తున్నాయి. వేర్లతో తాగిన ఉప్పునీళ్లలోని ఉప్పుని ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి పంపేస్తుంది. పక్కనే ఉప్పు పొన్న, దాని గింజ కొమ్మ మీదే మొలకెత్తి, పొడుగు కాయలా వేలాడి, బురదలోకి పడి పాతుకుంటుంది. తిల్ల చెట్టుని మాత్రం ముట్టుకోనివ్వలేదు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఇంత ఓపిగ్గా చెప్పినవాళ్లు నాలుగు రోజుల్లో సరంగు గారు, ఈ అబ్బాయి, ఇద్దరే.

పదకొండుకి పడవ ఎక్కాం. వచ్చేటప్పుడు చూసిన బురద కనిపించడం మానేసింది, పీతల బొరియల మీదికి నీళ్లు వచ్చేశాయి. కాలువ మలుపులు తిరిగి తిరిగి కాకినాడ అఖాతం వైపు తెరుచుకుంది, దూరంగా సన్నటి గీతలా హోప్ ఐలాండ్. గౌతమి మోసుకొచ్చిన ఇసుకే గత రెండు వందల ఏళ్లలో అలా మేట వేసిందంటారు, అది అడ్డు ఉండబట్టే కాకినాడ రేవులో అలలు తక్కువ. మేం అక్కడికి వెళ్లలేదు. అది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, వాటి ఒడ్డు వాటికి వదిలేయడమే సరైన పని.

అదే నీళ్ల మీద నుంచి కోరంగి ఊరు వైపు చూస్తే నాకు గుండె బరువెక్కింది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకొకటి వచ్చి రేవుని మింగేశాయి. అయినా పేరు పోలేదు, బర్మా వెళ్లిన తెలుగువాళ్లందర్నీ అక్కడ కోరంగీలు అనే పిలిచేవారు. మా ముత్తాతగారి తమ్ముడు రంగూన్ వెళ్లి తిరిగి రాలేదు, ఇంట్లో ఆయన ఫొటో కూడా లేదు. 1996 నవంబరు 6 తుఫానుకి ముమ్మిడివరం, ఐ.పోలవరం వైపు కొబ్బరి తోటలు నేలమట్టమైనప్పుడు నాకు ఊహ తెలుసు. తుఫాను అల ఊపు తగ్గించే మడ చెట్లు కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వినచోట్లు కారులో వస్తుంటే కనిపిస్తూనే ఉన్నాయి.

కోరంగిలో లోపాలు: తాగునీళ్లు మీరే తెచ్చుకోవాలి, దోమలు ఎక్కువ, చెక్క వంతెన మీద కూర్చునే చోట్లు తక్కువ కాబట్టి అత్తయ్యగారు సగంలో ఆగిపోయారు. పడవ మాత్రం ఆవిడ హాయిగా ఎక్కి దిగారు, జాకెట్ వేసుకోనివాళ్లని అక్కడ కదలనివ్వరు.

వైనతేయ సముద్రంలో కలిసే ఓడలరేవు వైపు వెళ్లలేకపోయాం, సెలవు అయిపోయింది. కార్తీకంలో మళ్లీ వెళ్దామని సరంగు గారికి ఇప్పుడే చెప్పి పెట్టాను. ఏకాదశి వద్దు, పౌర్ణమి మర్నాడు రమ్మన్నారు. గది ఇంకా చూడలేదు, తోట ఇంటివాళ్లు ఖాళీ ఉంటే అక్కడే.