ఆరేళ్ళు వాడిన ఫెల్ట్ సోల్ బూట్లు: పట్టు సంగతీ, ఊడిన సోలు సంగతీ

నదిలో దిగి చేపలు పట్టేటప్పుడు వేసుకునే ఈ ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటిది) అడుగు బూట్ల గురించి 2019లో ఒకసారి రాశా. అప్పటికి మొదటి ట్రిప్పు నుంచి వచ్చి పది రోజులు కూడా కాలేదు, ఐదుకి ఐదు ఇచ్చేసి "గోడకి బల్లి అతుక్కున్నట్టు రాయికి అతుక్కుంటున్నాయి" అని రాశా. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ దాని పక్కన రాయాల్సింది ఇంకా ఉంది, ఆ రివ్యూ చూసి కొనుక్కున్నవాళ్ళు ఇద్దరు నాకే తెలుసు, వాళ్ళకైనా చెప్పాలి కదా.

కంపెనీ పేరు రాయట్లేదు, ఫెల్ట్ అడుగు బంకతో అతికించిన బూటు ఎవరిదైనా మన ఊరి ఎండలో దాస్తే ఇదే జరగొచ్చు కాబట్టి. సైజు, బరువు, లేసులు ఇవన్నీ వదిలేస్తున్నా, ఎక్కడైనా దొరుకుతాయి.

నాది విజయవాడ, సింగ్ నగర్. నేను పట్టే ట్రౌట్ చేపకి చల్లటి నీళ్ళు కావాలి, మన కృష్ణలో బతకదు, అందుకని ఏడాదికొకసారి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కణ్ణించి మనాలీ బస్సులో ఔట్ దాకా, అక్కడ దిగి బంజార్ మీదుగా హిమాచల్ లోని తీర్థన్ నది ఒడ్డుకి. నాలుగైదు రోజులు గాలం వేసి వచ్చేస్తా. అంటే ఈ బూట్లు ఏడాదిలో ఐదు రోజులు నీళ్ళలో, మిగతా 360 రోజులు మా ఇంటి అటక మీద. చెల్లెలు అమెరికా నుంచి వస్తూ తెచ్చిపెట్టింది కాబట్టి చాలా జాగ్రత్తగా, కవర్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి మరీ దాచా. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

ముందు పట్టు గురించి చెప్తా, అది నిజంగా గొప్పది. తీర్థన్ లో రాళ్ళు గుండ్రంగా, గుమ్మడికాయలంత, కొన్ని సగం ఆటో అంత ఉంటాయి, వాటి మీద కంటికి కనపడని పల్చటి పాచి. రబ్బరు సోలు ఆ పాచి మీద నూనె రాసిన పళ్ళెం మీద కాలు పెట్టినట్టు పోతుంది. ఫెల్ట్ అయితే దాని పీచు పాచిలోంచి దిగి రాయిని పట్టుకుంటుంది. నాకు ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యింది, రాయి మీద కాలు జారి మెలిక పడితే మళ్ళీ హాస్పిటలే, అలాంటిది మొదటి రోజు మోకాలి లోతులో నిలబడి భయం లేకుండా లైను విసిరినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతిశయోక్తి కాదు. ఆపరేషన్ తర్వాత నేను మళ్ళీ నదిలో దిగుతా అనుకోలేదు.

ఇక 2024 మే సంగతి.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. మే నెలలో తీర్థన్ పొద్దున ఒక నది, సాయంత్రం ఇంకో నది. రాత్రి చలికి పైన మంచు కరగడం తగ్గిపోతుంది, అందుకని పొద్దున నీళ్ళు తక్కువ, అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. ఎండెక్కాక కరిగిన నీళ్ళు కిందికి దిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది, నీళ్ళ రంగు మసకబారుతుంది, ఒడ్డు మెల్లగా మునుగుతుంది. మనకి కృష్ణ పెరుగుతోందంటే పులిచింతల నుంచి ఇంత వదిలారు, బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు అని టీవీలో వస్తుంది, అక్కడ నాకు చెప్పేవాళ్ళు లేరు. గైడ్ కుర్రాడు మొదటి ఏడాదే నేర్పాడు, నీటి అంచున తెల్ల రాయి ఒకటి పెట్టుకో, పది నిమిషాలకోసారి దాన్ని చూసుకో, రాయి తడిసిందంటే బయల్దేరు, మునిగిందంటే ఆలస్యం అయినట్టే అని.

ఆ రోజు పొద్దున ఏడింటికి అవతలి ఒడ్డుకి దాటా, మోకాలి కిందే నీళ్ళు. తేట నీళ్ళు కాబట్టి పొడుగు లీడరు (లైను చివర కట్టే సన్న దారం), దాని కొసకి సన్నటి టిప్పెట్ (ఇంకా సన్న దారం), 16 నంబరు నింఫ్ (నీటి పురుగులా కట్టిన చిన్న గాలం), అలాగే వేస్తూ మధ్యాహ్నం దాకా రెండు చిన్నవి పట్టి వదిలేశా. పన్నెండున్నర తర్వాత నీళ్ళు కొంచెం మసకబారాయి, ఇక సన్నది పనికిరాదని మందం టిప్పెట్ కట్టి నల్లటి వూలీ బగ్గర్ (ఈకలు కట్టిన పెద్ద గాలం) వేశా. నీళ్ళు పెరిగేటప్పుడు ట్రౌట్ నడి ప్రవాహంలో నిలబడి ఓపిక ఖర్చు చేసుకోదు, అంచుకి వచ్చేస్తుంది, పొద్దున పొడిగా ఉన్న రాళ్ళ సందుల్లోకి, మన కాళ్ళ దగ్గరికి. నాకా సంగతి తెలుసు గానీ కళ్ళారా చూడ్డం అదే మొదలు. నాకు మూరెడు దూరంలో, గంట కిందట నేను కూర్చుని బిస్కెట్లు తిన్న రాయి వెనక, జానెడున్నర చేప, ఒంటి మీద ఎర్ర చుక్కలు, ముక్కు ప్రవాహానికి ఎదురుగా పెట్టుకుని అలా నిలబడి ఉంది. పట్టా, వదిలా, దాని వెనకే ఇంకోటి. అలా గంటన్నర. తెల్ల రాయి సంగతి నాకు గుర్తే లేదు.

అవతల గైడ్ ఈల వేస్తే తలెత్తా. తెల్ల రాయి లేదు. రెండు దాటింది.

అప్పటికీ దాటేయొచ్చు అనుకున్నా, నీళ్ళు తొడ దాకా ఉంటాయేమో, చేతిలో కర్ర ఉంది, నడుముకి బెల్టు బిగించి ఉంది, కాళ్ళకి ఈ బూట్లున్నాయి. ఒడ్డు నుంచి నాలుగో అడుగులో ఎడమ కాలు బరువెక్కింది. ఏదో కొమ్మ తట్టుకుందనుకుని కాలు విదిలించా. కొమ్మ కాదు, సోలు. ముందు భాగం మొత్తం నోరు తెరిచింది, ప్రవాహం ఆ నోట్లోకి దూరి ఫెల్ట్ ని పళ్ళెంలా వెనక్కి మడిచేసింది, కాలు కింద పెడితే ఆ మడత మీద పడుతోంది, మడత రాయి మీద బొంగరంలా తిరుగుతోంది. నీళ్ళు అప్పుడు తొడ మధ్యకి ఉన్నాయి. కర్ర కింద దన్ను దొరకలేదు. ఆ క్షణంలో నాకు గుర్తున్నది ఒక్కటే, వెనక్కి తిరక్కూడదు, ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి పక్కకే జరగాలి, అలా పక్కపక్కకి ఒక్కో అడుగు, నాలుగు అడుగులకి ఎంతసేపు పట్టిందో తెలీదు, మళ్ళీ అదే ఒడ్డు మీద పడ్డా. కూర్చుని చూసుకుంటే కుడి బూటుకి కూడా మడమ దగ్గర వేలు దూరేంత సందు.

గైడ్ అవతల నుంచి రెండు చేతులూ ఊపి దిగొద్దు దిగొద్దు అని, పైకి చూపించాడు. అక్కడ ఇనప తీగ మీద తాడుతో లాగే తొట్టి ఉంటుంది, ఊళ్ళోవాళ్ళు దాటడానికి. కిలోమీటరు ఉంటుందేమో. చేపల వల తాడు విప్పి సోలుకీ బూటుకీ కలిపి కట్టి ఆ రాళ్ళ మీద నడిచా, మూడుసార్లు తాడు కోసుకుపోయింది, చివరికి సోలు పీకేసి చేతిలో పట్టుకున్నా. తొట్టి దగ్గరికి చేరడానికి రెండు గంటలు పట్టింది, మోకాలు వాచింది.

రాత్రి ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్లలు పోయింది అక్కడేగా అండీ" అంది. 2014 జూన్ 8న మన ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది బియాస్ లో ఫొటోలు దిగుతుంటే పైన లార్జీ డ్యామ్ నీళ్ళు వదిలారు, కొట్టుకుపోయారు. తీర్థన్ వెళ్ళి బియాస్ లో కలిసేది ఆ లార్జీ దగ్గరే. నేనున్న చోటికి పైన డ్యామ్ లేదు, నీళ్ళు ఒక్కసారిగా గోడలా రావు, మెల్లగా పెరుగుతాయి, అదీ ఇదీ అని ఏదో చెప్పబోయి ఆగిపోయా. మెల్లగా పెరిగిన నీళ్ళలోనే కదా ఇందాక కాలు ఆనలేదు.

ఎందుకు ఊడిందో వచ్చాక తెలుసుకున్నా. ఫెల్ట్ కీ బూటుకీ మధ్య పాలీయురెథేన్ నురుగు పొర ఉంది, దానికి తేమ, వేడి రెండూ పడవు, గాల్లో తేమని పీల్చి లోపల్లోపల పిండైపోతుంది, అదీ వాడకుండా దాచిపెడితే కూడా. బంక సంగతి సరేసరి, వేడికి మెత్తబడుతుంది. మా అటక స్లాబు కింద ఉంటుంది, మే నెలలో అక్కడ చెయ్యి పెడితే కాలుతుంది, కవర్లో చుట్టి పెట్టడం వల్ల లోపలి తేమ లోపలే. కరోనాకి వెళ్ళలేకపోయిన ఏళ్ళలో మూడు వేసవులు వరసగా అక్కడే ఉన్నాయి. 2022లోనే అంచు కొద్దిగా లేచింది, ట్యూబు బంక రాసి ఊరుకున్నా, 2023లో మళ్ళీ రాశా. అప్పుడే గట్టిగా వంచి చూసుంటే నది దాకా వచ్చేది కాదు. కానీ కంపెనీ మీద నా కోపం ఏంటంటే, పెట్టె మీద "చల్లటి చోట, గాలి తగిలేలా ఉంచండి" అని ఒక్క ముక్క లేదు. ప్రాణం ఆనే సోలుకి ఆ మాట రాయాలా వద్దా? మెయిల్ పెట్టా, వారంటీ ఏడాదే అని జవాబొచ్చింది.

కొత్తవి కొందామంటే ధర రెట్టింపైంది. ఊడిన సోలు పట్టుకుని బీసెంట్ రోడ్డు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళా. చాలాసేపు అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, నురుగు పొరని గోటితో గీకితే పొడి రాలింది. "ఇది సచ్చిపోయింది బాబూ, దీనికి బంక రాస్తే ఎవరికి అతుక్కుద్ది? గీకేసి కుట్టాలి" అన్నాడు. "నీళ్ళలో వాడతా బాబాయ్, గట్టి ప్రవాహం" అంటే "అయితే చుట్టూ రెండు వరసలు కుడతా" అన్నాడు. ఫెల్ట్ నన్నే తెచ్చుకోమన్నాడు. ఎక్కడ దొరుకుద్ది అని తిరిగి తిరిగి ఆటోనగర్లో దొరికింది, మిషన్లకి వాడే గట్టి ఉన్ని ఫెల్ట్, వేలు మందం. ఆయన పాత పొర మొత్తం గీకి, రబ్బరు షీటు ఒకటి వేసి, దాని మీద ఫెల్ట్ పెట్టి, బంక రాసి, మైనం పట్టించిన నైలాన్ దారంతో చుట్టూ రెండు వరసలు చేత్తో కుట్టాడు. మూడు రోజులు పట్టింది. 600 అడిగితే వెయ్యి ఇచ్చా, నాలుగొందలు తిరిగి చేతిలో పెట్టాడు, చేప తీసుకురా అన్నాడు. తేలేను కదా, ఎంత దూరం, అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

మధ్యలో 2024 సెప్టెంబరు వచ్చింది. బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది, అటు బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మేం పై అంతస్తు కాబట్టి ఇంట్లోకి రాలేదు, కింది వాళ్ళకి పాలు, మందులు తెచ్చివ్వడానికి ఈ బూట్లే వేసుకుని దిగా. కుట్లు ఒక్కటి కూడా కదల్లేదు. కానీ నీళ్ళు తీసి బురద మిగిలాక రెండుసార్లు పడ్డా. 2019లో "ఏ నేల మీదైనా" అని రాశా చూడండి, అది తప్పు. ఫెల్ట్ బురద మీద, తడి గడ్డి మీద సబ్బులా జారుద్ది. సీతానగరం వైపు ఒండ్రులో కూడా అంతే. దీని పట్టు పాచి రాయి మీద, అంతవరకే. ఇంకోటి, ఈ ఫెల్ట్ తొందరగా ఆరదు, ఒక నీటి పాచిని ఇంకో నీటికి మోసుకెళ్తుంది, న్యూజిలాండ్ లో అందుకే ఫెల్ట్ సోళ్ళు నిషేధించారు. నేనైతే ఇప్పుడు తీర్థన్ కి తప్ప ఇంకెక్కడికీ వేసుకోను, వెళ్ళే ముందు ఉప్పు నీళ్ళలో నానబెట్టి ఎండ తగలకుండా నాలుగు రోజులు ఆరేస్తా.

2025 మార్చిలో సీజన్ తెరవగానే వెళ్ళా. కావాలనే మార్చి, నీళ్ళు తక్కువ, రోజంతా దాదాపు ఒకే మట్టం. పెద్దాయన కుట్టిన ఫెల్ట్ కంపెనీ ఫెల్ట్ కంటే మెత్తగా ఉంది, పట్టు ఒక పిసరు ఎక్కువే అనిపించింది, అరుగుదల కూడా ఎక్కువే, ఐదు రోజులకే మడమ దగ్గర పల్చబడింది. బూటు మునుపటి కంటే బరువు, తడిస్తే ఇంకా బరువు, సాయంత్రానికి పిక్కలు పట్టేశాయి. అయినా నోరు తెరవలేదు. మోకాలి పైకి నీళ్ళున్న చోట దిగలేదు కాబట్టి గట్టి పరీక్ష పెట్టానని చెప్పలేను.

కొనొచ్చా అని అడిగితే, మీరు ఎవరో, ఎక్కడుంటారో బట్టి. చల్లటి ఊళ్ళో ఉండి నెలకి రెండుసార్లు నదికి వెళ్ళేవాళ్ళైతే ఇంత మంచి బూటు లేదు. మన విజయవాడ, గుంటూరులో ఉండి ఏడాదికొకసారి వెళ్ళేవాళ్ళైతే కొన్న రోజే కుట్టించుకోండి, వెళ్ళే ముందు రోజు కాదు నెల ముందే సోలు చేత్తో వంచి చూడండి. మోకాలు బాగున్నవాళ్ళకి మేకుల రబ్బరు సోలే సరిపోతుందని మా గైడ్ అంటాడు, నా మోకాలితో నేను ఆ ప్రయోగం చేయలేను. స్టార్లు మూడు ఇస్తున్నా, పట్టుకి ఐదు, అతుకుకి ఒకటి, మధ్యలో ఎక్కడో.

ఇప్పుడు బూట్లు అటక మీద లేవు, హాల్లో కిటికీ పక్కన మేకుకి వేలాడుతున్నాయి, వచ్చినవాళ్ళందరూ ఇవేంటి అని అడుగుతుంటే మా ఆవిడే చెప్తోంది. వచ్చే మార్చికి మళ్ళీ ఫెల్ట్ మార్చాలి. ఆటోనగర్ షాపులో మీటరు కంటే తక్కువ కొయ్యరు, నాకు పావు మీటరు చాలు, ఎవరికైనా కావాలంటే చెప్పండి, కలిసి తీసుకుందాం.