హన్లే పెద్ద టెలిస్కోపులో కన్ను పెట్టే చోటు లేదు

సెప్టెంబరులో నేను, నా భార్య, మా తమ్ముడు లద్దాఖ్ వెళ్లి వచ్చాము. లేహ్‌లోని మొదటి మూడు రోజులు అనుకున్నట్టే సాగాయి కనుక నేరుగా వేధశాల ఉన్న హన్లే అనే ఊరి సంగతికే వస్తాను.

లేహ్‌లో ఒక ఏజెంటు, హన్లే వేధశాలలోని రెండు మీటర్ల అద్దమున్న టెలిస్కోపులో రాత్రిపూట ఆకాశం చూపిస్తానని నమ్మబలికి, మనిషికి 4,000 చొప్పున మా దగ్గర 12,000 రూపాయలు తీసుకున్నాడు. టాక్సీకి మేమిచ్చిన 22,000 వేరు. 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, 4,500 మీటర్ల ఎత్తున్న సరస్వతి పర్వతం ఎక్కాక, మాకు పగటిపూట అంతా చూపించిన ఉద్యోగి రాత్రిపూట సందర్శకులను రానివ్వరని మర్యాదగానే చెప్పాడు. అసలే తలనొప్పితో ఉన్న తమ్ముడు, "అన్నయ్యా, ముందే ఎవరినైనా అడగాల్సింది" అని, ఆ పూటంతా మళ్లీ మాట్లాడలేదు.

అడగవలసిందే. 2000లో తొలిసారి ఆకాశాన్ని చూసిన ఈ హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హొసకోటె నుంచి ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతారు. అద్దం పోగుచేసిన వెలుగు కెమెరాలకు, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫులకు వెళ్తుందే తప్ప మనిషి కంటికి రాదు. పక్కనే 2018లో పని మొదలుపెట్టిన 0.7 మీటర్ల గ్రోత్ ఇండియా టెలిస్కోపు పూర్తిగా రోబో పద్ధతిలో, ఆకాశంలో ఉన్నట్టుండి వెలిగి ఆరిపోయేవాటిని వెంటాడుతుంది.

కొండ దిగాక దారి మీద నుంచే కనిపించే మేస్ టెలిస్కోపు దగ్గర నా భార్య అరగంటసేపు కదలలేదు. 2024 అక్టోబరులో ప్రారంభమైన దీని పళ్లెం వ్యాసం 21 మీటర్లు, పైన గుమ్మటం లేదు. అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణాలు గాలిలో పుట్టించే, సెకనులో వందకోట్లవ వంతుల్లో ముగిసిపోయే నీలి మెరుపును 1,088 పిక్సెళ్ల కెమెరాతో పట్టే ఈ యంత్రాన్ని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) మన హైదరాబాద్ ఈసీఐఎల్ తోడ్పాటుతో నిర్మించిందని తెలిశాక, ఇంత దూరం వచ్చినందుకు ఇది చాలునని ఆమె అన్నది.

రాత్రి బస ఊళ్లోని హోమ్‌స్టేలో, రెండు పూటల భోజనంతో మనిషికి 1,800. గది శుభ్రంగా, వెచ్చగా ఉంది. 2022లో ఇక్కడి 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అందుకే చీకటి పడగానే ఆ ఇంటి ఇల్లాలు లోపలి వెలుగు బయటికి పోకుండా మందపాటి తెరలు వేసేసింది. సందర్శకులకు ఆకాశం చూపించే ఖగోళ రాయబారిగా శిక్షణ పొందిన ఆ ఊరి అమ్మాయి ఒకరు తన చిన్న టెలిస్కోపుతో ఆండ్రోమెడా గెలాక్సీని చూపించి, తమ్ముడు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబు చెప్పింది. ఆమెకు ఇచ్చినది మనిషికి 300. తలనొప్పి మాటే ఎత్తకుండా తమ్ముడు ఒంటిగంట దాకా ఆ చలిలోనే నిలబడ్డాడు.

హన్లే వెళ్లేవారు పౌర్ణమి రోజులు తప్పించుకుని, పగలు వేధశాల చూసి, రాత్రికి ఈ రాయబారులనే అడగండి. పెద్ద టెలిస్కోపు పేరు చెప్పి డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. లేహ్ తిరిగి వచ్చాక రెండు గంటలు వాదిస్తే ఆ ఏజెంటు 5,000 వెనక్కి ఇచ్చాడు, మిగిలిన 7,000 ఇంకా రావాలి.