దూర సూత్రంతో సర్వసమాన త్రిభుజాలు: ఎనిమిదేళ్లు చెప్పాక నా మాట

విజయనగరంలో ఇంటి దగ్గరే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. రెండు త్రిభుజాలు సర్వసమానమని, అంటే ఒకదాని మీద ఒకటి పెడితే సరిగ్గా సరిపోతాయని, నిరూపించమంటే చాలామంది భు.కో.భు. (భుజం-కోణం-భుజం), కో.భు.కో. (కోణం-భుజం-కోణం) అని బట్టీ పట్టింది రాసేస్తారు. ఆ భుజాలు ఎందుకు సమానమో అడిగితే నోరు మెదపరు. అందుకే బిందువులిచ్చి దూర సూత్రంతో చేయించడం మొదలుపెట్టాను. రెండు బిందువుల మధ్య అడ్డంగా ఎంత తేడా, నిలువుగా ఎంత తేడా చూసి, ఆ రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే వాటి మధ్య దూరం వస్తుంది, అదే ఆ సూత్రం. ఎనిమిదేళ్లయింది, ఇప్పటికీ మానలేదు.

మూలబిందువు అర్థం కానివాళ్లను గంటస్తంభం (0, 0) అనుకోమంటాను. మీ ఇల్లు అక్కడికి తూర్పున ఎంత, ఉత్తరాన ఎంత అంటే వెంటనే చెప్పేస్తారు.

ప్రతి బ్యాచ్‌కీ ఇచ్చే లెక్క ఒకటుంది. ఎ (1, 1), బి (5, 2), సి (2, 4) ఒక త్రిభుజం. డి (-1, -5), ఇ (-2, -1), ఎఫ్ (-4, -4) రెండోది. రెండోది పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి చూపుకి ఒకేలా అనిపించదు. భుజాల వర్గాలు కడితే రెండింటికీ 17, 13, 10. వర్గమూలం తియ్యక్కర్లేదు. మూడు భుజాలూ సమానం కాబట్టి భు.భు.భు. (భుజం-భుజం-భుజం) కుదిరింది. ఎకి డి, బికి ఇ, సికి ఎఫ్ జత, కాబట్టి ఆ కోణాలూ సమానమే. కోణమానిని ముట్టుకునే పనే లేదు.

పోయిన ఏడాది ఒక అమ్మాయి డిఇ కడుతూ -2 లోంచి -1 తీస్తే -3 అని రాసింది. 9, 16 కలిపి 25, మూలం 5. "మాస్టారూ, ఇక్కడ చక్కగా 5 వచ్చింది, 17 దగ్గరే ఏదో తప్పు చేసినట్టున్నాను" అని మొదటి త్రిభుజాన్ని మూడుసార్లు చెరిపి చేసింది. కాగితం చిరిగే దాకా వచ్చింది. "గ్రాఫు మీద డి నుంచి ఇకి గళ్లు లెక్కపెట్టమ్మా" అన్నాను. ఎడమకి ఒక్కటే, పైకి నాలుగు. కాసేపు చూసి, తనే -2 - (-1) అని బ్రాకెట్ పెట్టి తిరగరాసింది. తప్పు ఎక్కడుందో పిల్లలే పట్టుకోగలరు. ఈ పద్ధతి నాకు ఇంత నచ్చడానికి కారణం అదే.

లోటు కూడా ఉంది, అది చిన్నది కాదు. (-3, 0), (3, 0), (0, 4) తీసుకుని సమద్విబాహు త్రిభుజంలో, అంటే రెండు భుజాలు సమానమైనదాంట్లో, భూమి (మూడో భుజం) కోణాలు సమానమని తేల్చేసి, అన్ని త్రిభుజాలకూ నిరూపించేశామనుకుంటారు. అది ఆ ఒక్క త్రిభుజానికే నిరూపణ. అన్నిటికీ కావాలంటే అంకెలు వదిలి అక్షరాలు పట్టుకోవాలి. భూమి కొనలు (-క, 0), (క, 0), శీర్షం (ప, గ) అనుకోవాలి. శీర్షాన్ని ముందే నిలువు అక్షం మీద పెట్టేయడం నాకు ఇష్టముండదు. అక్కడే ఎందుకు పడుతుందో తెలియాలి కదా. రెండు భుజాల వర్గాలూ సమానమని రాస్తే అన్నీ కొట్టుకుపోయి 4కప = 0 మిగులుతుంది. క సున్నా కాదు కాబట్టి ప సున్నా. ఇక నిలువు అక్షం ఆ త్రిభుజాన్ని రెండు సర్వసమాన త్రిభుజాలుగా చీలుస్తుంది, భూమి కోణాలు సమానమవుతాయి. ఆ 4కప దగ్గర నేను పావుగంటైనా ఆగుతాను.