ఎంఎస్‌లో మూత్రం ఇబ్బంది: తలకి ఎంఆర్ఐ మేలా, పొత్తికడుపుకి స్కానింగ్ మేలా?

మా అక్కకి ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్), అంటే మెదడులో, వెన్నుపాములో నరాల పై పొర దెబ్బతిని మచ్చలు పడే జబ్బు. పెళ్లికి పిలిస్తే ముందు ఫంక్షన్ హాల్లో బాత్రూమ్ ఎటువైపో అడుగుతుంది. ఈ మధ్య అది మరీ ఎక్కువైతే, "మళ్లీ తలకి ఎంఆర్ఐ తీయిద్దాం" అని ఇంటిల్లిపాదీ తీర్మానించేశాం.

ఎంఆర్ఐ విలువ ఎంఆర్ఐదే. కొత్త మచ్చలు వచ్చాయా, ఎంఎస్ మందు పనిచేస్తోందా అన్నది ముఖ్యంగా తెలిసేది దానితోనే. కానీ తలలో మచ్చలు లెక్కపెట్టి మూత్రసంచి సంగతి చెప్పలేం. బోలెడు మచ్చలున్నా ఇబ్బంది లేనివాళ్లుంటారు, కొద్దిగానే ఉండి అవస్థపడేవాళ్లూ ఉంటారు. ఇప్పుడు పోయాలా, ఆగాలా అని తేల్చేది మెదడు ముందుభాగం. సంచి ముడుచుకునేటప్పుడే కింది కండరం వదులయ్యేలా చూసేది మెదడు కాండంలోని పాన్స్. ఆ కబురు వెన్నుపాము గుండా దాని అడుగున మూత్రసంచి నరాలు మొదలయ్యే చోటు (ఎస్2–ఎస్4) దాకా దిగాలి. దారిలో మచ్చ పడితే సంచి నొక్కుతుంటుంది, కింది కండరం బిగుసుకుంటుంది. అందుకే ఈ బాధకి తల ఫిల్ము కన్నా వెన్నుపాము ఫిల్ముతోనే పొంతన ఎక్కువ.

సంచి నింపుతూ మెదడు పనితీరు చూసే ఫంక్షనల్ ఎంఆర్ఐ ఒకటుంది. ప్రస్తుతానికి అది పరిశోధకుల సరుకు.

ఇక స్కానింగ్. అక్క బాత్రూమ్‌కి వెళ్లొచ్చి "మొత్తం అయిపోయింది" అంది. పొత్తికడుపు మీద జెల్ రాసి చూస్తే ఇంకా 180 మి.లీ. ఉంది! సంచిని సడలించే ఆక్సీబ్యుటినిన్ లాంటి మాత్ర ఇది చూడకుండా వేస్తే, మిగిలేది ఇంకా పెరగొచ్చు. 100 మి.లీ. దాటి మిగులుతుంటే సన్నటి గొట్టం(కాథెటర్)తో ఎవరికి వారే ఖాళీ చేసుకోవడం నేర్పిస్తుంటారు. పైగా ఆ మాత్ర కొందరిలో మతిమరుపు తెస్తుంది, ఎంఎస్‌లో అసలే అదొక బెడద.

నా ఓటు స్కానింగ్‌కే. దానికన్నా ముందు మూత్ర పరీక్ష, ఎందుకంటే ఇన్‌ఫెక్షన్ ఉంటే పాత ఎంఎస్ లక్షణాలు కూడా తిరగబెట్టి కొత్త ఎటాక్‌లా కనిపిస్తాయి. సంచిలో ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష సంగతి మాత్రలకి లొంగనప్పుడు, సంచికి బొటాక్స్ ఇంజెక్షన్ ఆలోచిస్తున్నప్పుడు చూసుకోవచ్చు. అయితే ఉన్నట్టుండి మూత్రం ఆగిపోయినా, నడుము కింద కొత్తగా తిమ్మిరి పట్టినా ఈ వరసేదీ పనికిరాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు వెన్నుకి ఎంఆర్ఐదే మొదటి మాట.

అన్నట్టు, మూడు రోజులు ఎంత తాగింది, ఎన్నిసార్లు వెళ్లింది క్యాలెండర్ వెనక రాయమన్నారు. రాత్రి తొమ్మిది తర్వాత రెండు టీలు బయటపడ్డాయి. అక్క ఇప్పటికీ ఒక్క టీయే తాగానంటోంది.