కష్టమైనది ముందా, తేలికైనది ముందా: ఏది మేలు?

వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసిన దగ్గర నుంచి మా గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న రెండు వైపుల నుంచి వస్తుంది. పంట బోదెల్లో (పొలాలకు నీరు తెచ్చే చిన్న కాలువల్లో) పూడిక తీయించే రైతులు ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారు. ఈఏపీసెట్ (మనవాళ్లకు ఇంకా ఎంసెట్టే) రాసే పిల్లలు ఏ ప్రశ్నలు ముందు చేయాలని అడుగుతారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పడం సరికాదని నా అభిప్రాయం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచీ ఇక్కడి కాలువ పనులకు దొరికేది నీళ్లు కట్టేసిన ఆ కొద్ది వారాలే. గట్టు మీద నుంచి జేసీబీ చేయి అందే తిన్నని బోదె ఎప్పటికి పూర్తవుతుందో ఎవరైనా చెప్పగలరు. తూము లోపల, వంతెన కింద, గుర్రపుడెక్క వేళ్లు పేనుకుపోయిన మలుపులో మాత్రం ఆ లెక్క కుదరదు. బురద తీశాక పగిలిన గొట్టం బయటపడవచ్చు, యంత్రం దిగే దారి లేక మనుషులనే దింపవలసి రావచ్చు. తిన్నని భాగం ముందు తీయిస్తే చూపుకు సగం పని అయినట్టే ఉంటుంది గాని, తూము మూసుకుపోయి ఉన్నంతకాలం దాని దిగువనున్న శివారు పొలాలకు చుక్క నీరు అందదు. అందుకే నా మొగ్గు కష్టమైన చోటు వైపే. అయితే దాన్ని ముగించేదాకా మిగతా పని ఆపనక్కరలేదు: తూము తెరిచి చూసి, గొట్టానికి మనిషిని పంపి, అది వచ్చేలోగా బోదె తవ్వించుకోవచ్చు. నిర్ణయించవలసింది కష్టాన్ని బట్టి కాదు, ఎంత సమయం పడుతుందో తెలియకపోవడాన్ని బట్టి.

కష్టం, తేలిక మార్చి మార్చి చేయడమనే మూడో పద్ధతి విసుగు తగ్గిస్తుంది. అంతకు మించి దానికి ప్రయోజనం లేదు.

పరీక్ష హాలులో లెక్క తిరగబడుతుంది. ఇంజనీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రతి ప్రశ్నకూ ఒకే మార్కు, తప్పు జవాబుకు కోత లేదు. చిక్కు లెక్క వదిలేసినా తర్వాతి ప్రశ్న ఆగదు కనుక అక్కడ తేలికైనవే ముందు. చదువుకునే నెలల్లో మాత్రం మళ్లీ కొరుకుడుపడని అధ్యాయమే ముందు పట్టుకోవాలి. సందేహం వస్తే తీర్చే మాస్టారు దొరికేది తరగతులు నడిచినన్నాళ్లే.