లారానా, హిల్లరీనా: బుక్ క్లబ్‌కి ఏ నవల మేలు?

నాయకుడి భార్య జీవితం మీద అల్లిన నవల చదవాలనుకుంటే అమెరికన్ రచయిత్రి కర్టిస్ సిట్టెన్‌ఫెల్డ్‌వే రెండున్నాయి. అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ భార్య లారా ఛాయలున్న 'అమెరికన్ వైఫ్' (2008), బిల్ క్లింటన్ భార్య హిల్లరీని అసలు పేరుతోనే నిలబెట్టిన 'రోడమ్' (2020; ఇది ఆమె పుట్టింటి పేరు). బెంగళూరులో నెలకోసారి కూడే తెలుగు గ్రూపుకి మొదటిదే మేలు.

అందులో లారా ఆలిస్ అయింది, టెక్సస్ విస్కాన్సిన్ అయింది. ఆ మాత్రం ముసుగుంటే ఆలిస్‌ని పాత్రగానే చూస్తాం. 1963లో పదిహేడేళ్ల లారా నడిపిన కారు ఢీకొని తోటి విద్యార్థి చనిపోవడం నిజంగా జరిగింది. నవలలోనూ ఆ ప్రమాదం ఉంది. ఆ తర్వాత ఆలిస్ చేయించుకున్న గర్భస్రావం మాత్రం కల్పన. బతికున్న మనిషి దుఃఖానికి ఇలా లేని కొనసాగింపు రాయొచ్చా? ఈ ఒక్క ప్రశ్న మీదే గంట మాట్లాడుకోవచ్చు.

'రోడమ్'లో హిల్లరీ 1975లో బిల్‌ని కాదని వెళ్లిపోతుంది (నిజానికి వాళ్ల పెళ్లి ఆ ఏడాది అక్టోబరులోనే అయింది). ఊహ చమత్కారంగానే ఉంది. కానీ కథ 2016 ఎన్నికలకు చేరి ట్రంప్ రాగానే, పుస్తకం పక్కకుపోయి ఎవరి పార్టీ వాళ్లు పట్టుకుంటారు. అక్కణ్నుంచి అమరావతికి ఎంతసేపు!

'అమెరికన్ వైఫ్'తో చిక్కు దాని లావు: ఐదొందల పేజీలు దాటుతుంది. నాలుగు భాగాలు కాబట్టి రెండు భేటీలకు చెరో రెండు పెట్టండి. ఒకే భేటీలో ముగిద్దామంటే సగంమంది పూర్తిచేయకుండా వచ్చి నోరు విప్పరు. వైట్‌హౌస్‌కి చేరే నాలుగో భాగంలో నడక మందగిస్తుందని ముందే చెప్పండి. రెండు నవలల్లోనూ పడకగది దృశ్యాలు దాపరికం లేకుండా ఉంటాయి. గ్రూపులో పెద్దవాళ్లుంటే అదీ ముందే చెప్పాలి.

చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపుల్లో అందరికీ ఒకే ముద్రణ దొరకడం కష్టం. పేజీ నంబర్లు కలవవు కనుక భాగం, సన్నివేశం చెప్పుకోండి.

లారా ఆత్మకథ 'స్పోకెన్ ఫ్రమ్ ద హార్ట్' (2010) ముందు చదవొద్దు. చదివితే నవల పొడవునా 'ఇది నిజమా, కాదా' అని సరిచూసుకోవడమే అవుతుంది. ప్రమాదం గురించి ఆమె రాసుకున్న భాగాన్ని మాత్రం రెండు భేటీల మధ్య ఒకరు చదివి, అర పేజీలో రాసుకొస్తే చాలు.

గ్రూపంతా అమెరికా రాజకీయాలు క్షుణ్ణంగా తెలిసినవాళ్లే అయితే 'రోడమ్' పెట్టుకోవచ్చు. అందులో వచ్చే 1992 సెనేట్ పోటీ మలుపు వాళ్లకే రుచిస్తుంది.