హాంకాంగ్‌లో ముఖం చూపించుకోవాలంటే పగలే వెళ్లండి

హాంకాంగ్ నుంచి వచ్చి వారం అయింది. ఫోటోలు ఏవీ అని అందరూ అడుగుతున్నారు, పెడతాను, కానీ ముందు ఇది రాయాలి. మా అమ్మకి ఒక రాత్రంతా నిద్ర లేకుండా చేసిన ఒక మనిషి గురించి, మర్నాడు ఆమెని మళ్లీ మామూలు మనిషిని చేసిన ఒక పెద్దావిడ గురించి. ఇద్దరూ చేసే పని ఒకటే, ముఖం చూసి చెప్పడం. మనకి సాముద్రికం ఎలాగో చైనా వాళ్లకి మియెన్‌షియాంగ్ అలాగ.

మామూలు సంగతులు త్వరగా చెప్పేస్తాను. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బయల్దేరేముందు ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు, దానికి డబ్బు కట్టక్కర్లేదు, 14 రోజులు ఉండొచ్చు. ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీ ఎక్కకండి, ఏ21 బస్సు 35 డాలర్లలోపే నాథన్ రోడ్‌లో దింపుతుంది (అక్కడి డాలరు మన 11 రూపాయల దగ్గర లెక్కేసుకోండి). చిమ్ షా చుయ్‌లో రూము రోజుకి 620 డాలర్లు. అమ్మ, నేను, మా ఆయన ముగ్గురం పడుకుంటే సూట్‌కేసు తెరవడానికి చోటు లేదు, కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఎప్పుడూ వచ్చాయి, ఆ ఊళ్లో ఆ ధరకి అంతకంటే ఆశించకూడదు. ఫెర్రీ, పీక్ కొండ, ట్రామ్ అన్నీ బాగా జరిగాయి.

మూడో రోజు లాంటావ్ ద్వీపంలో పెద్ద బుద్ధుణ్ణి చూడ్డానికి వెళ్లాం. విగ్రహం 34 మీటర్లు, కిందనుంచి 268 మెట్లు. అమ్మకి 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, అయినా ఆగి ఆగి ఎక్కేసింది. పైకి వెళ్లాక, "నాగార్జునకొండ బుద్ధుడికీ చెవులు ఇలాగే భుజాల దాకా ఉంటాయి కదే" అంది. పక్కనే ఒక చైనా తాతగారు మనవణ్ణి ఎత్తుకుని, వాడి చెవి తమ్మె పట్టుకుని చూపించి, మాకు అర్థమయ్యేలా బొటనవేలు పైకెత్తాడు. చెవి తమ్మెలు లావుగా, పొడుగ్గా ఉంటే అదృష్టమని వాళ్ల నమ్మకం. తర్వాత అమ్మ చెవుల వైపు చూసి మళ్లీ బొటనవేలు ఎత్తాడు. అమ్మ ఎంత మురిసిపోయిందో! అసలు ముఖం చూపించుకోవాలన్న కోరిక పుట్టింది అక్కడే.

ఆ రాత్రే టెంపుల్ స్ట్రీట్‌కి వెళ్లాం. జోర్డాన్ స్టేషన్ నుంచైనా, యౌ మా టేయ్ స్టేషన్ నుంచైనా నడిచిపోవచ్చు. మధ్యలో తిన్ హౌ అమ్మవారి గుడి, దాని దగ్గర్లో వరసగా చిన్న చిన్న డేరాల్లో జ్యోతిష్కులు. ప్రతి డేరాకీ ఒక పెద్ద ముఖం బొమ్మ, దాని నిండా చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో వయసుకి గుర్తు. ఒకచోట చిన్న పిట్ట పంజరంలోంచి వచ్చి ముక్కుతో కార్డు తీస్తోంది, అచ్చం మన చిలక జోస్యమే. అమ్మ అక్కడే పది నిమిషాలు నిలబడిపోయింది. వీధి మాత్రం నాకు నచ్చింది, మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను.

మేం కూర్చున్న డేరాకి ఇంగ్లీషులో బోర్డు ఉంది, ఫేస్ రీడింగ్ 100 డాలర్లని. కూర్చోగానే అతను వరసగా అడిగాడు, ఏ దేశం, పిల్లలెంతమంది, ఎక్కడున్నారు. అమ్మ అమాయకంగా అన్నీ చెప్పేసింది, కూతురు ఇదిగో, కొడుకు అమెరికాలో అని. ముక్కు చూసి డబ్బు నిలుస్తుందన్నాడు. (వాళ్లకి ముక్కు ధనస్థానం. ముక్కు కొన కండగా ఉండాలి, ఎదురుగా చూస్తే ముక్కు రంధ్రాలు కనపడకూడదు, కనపడితే డబ్బు కారిపోతుందంటారు.) అంతే, 100 డాలర్ల పని అయిపోయింది. పిల్లల సంగతి కావాలంటే ఇంకో 100, ఆరోగ్యం ఇంకో 100, ఆయుష్షు ఇంకో 100, ప్రయాణాలు ఇంకో 100. బోర్డు మీద ఆ ముక్క లేదు.

పిల్లల సంగతి దగ్గరే అతను అసలు పని మొదలుపెట్టాడు. అమ్మకి కుడి కంటి కింద చిన్న పుట్టుమచ్చ ఉంది, చిన్నప్పటి నుంచీ ఉంది. సెల్‌ఫోన్ లైటు దాని మీద వేసి, పెదవి విరిచి, తల అడ్డంగా ఊపి, "సన్ ఫార్, దిస్ ఇయర్ డేంజర్" అన్నాడు. వాళ్ల లెక్కలో కంటి కింద భాగం సంతాన స్థానం, అక్కడ మచ్చ ఉంటే పిల్లల వల్ల కన్నీళ్లంటారు. అమ్మ ముఖంలో రక్తం లేదు. వెంటనే బల్ల కిందనుంచి ఎర్ర సంచీ తీశాడు, అందులో ఏదో పచ్చరాయి, 880 డాలర్లట, అది తమ్ముడికి పంపితే గండం తప్పుతుందట. మా ఆయన లేచి నిలబడి 500 బల్ల మీద పెట్టి, "రండి అత్తయ్యగారూ" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశారు. మన డబ్బులో ఐదున్నర వేలు. డబ్బు పోయినందుకు నాకు అంత బాధ లేదు. ఒక తల్లి తన నోటితో చెప్పిన మాటని తీసుకుని ఆమెకే కత్తిలా తిప్పి చూపించాడే, అది మాత్రం ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ రాత్రి అమ్మ తమ్ముడికి మూడుసార్లు ఫోన్ చేసింది. వాడు ఆఫీసులో, "నాకేమైందమ్మా, బానే ఉన్నా కదా" అంటాడు, పెట్టేస్తాడు, గంట కాగానే మళ్లీ చేస్తుంది. కారు మెల్లగా నడపరా, బయట తిరగకురా. ఆ రూములో ఒకళ్లు మేలుకుంటే ముగ్గురూ మేలుకున్నట్టే. మా ఆయన నా మీద చిరాకు, నేను ఆయన మీద చిరాకు.

పొద్దున్న వాంగ్ తాయ్ సిన్ గుడికి వెళ్లాలని ముందే అనుకున్నాం. మాంగ్‌కాక్‌లో రైలు మారాలి, స్టేషన్ బయటికి రాగానే గుడి. అక్కడ 1921 నుంచి ఉంది, టికెట్ లేదు, అడిగిన కోరికల్లా తీరుస్తాడని ఆ స్వామికి పేరు. జనం మోకాళ్ల మీద కూర్చుని వెదురు డబ్బా ఊపుతుంటారు, అందులో 100 పుల్లలు, ఏది జారి పడితే దాని నంబరు పట్టుకెళ్లి పక్కనున్న దుకాణాల్లో అర్థం చెప్పించుకుంటారు. ఆ దుకాణాలు 160కి పైనే, అన్నీ జ్యోతిష్కులవే. మా ఆయన ఇంకో జ్యోతిష్కుడి ముఖం చూడనన్నారు. అమ్మ మాత్రం, "ఒక డాక్టరు ఆపరేషనంటే ఇంకో డాక్టరుకి చూపించమా?" అంది.

అరవై దాటిన ఒక చైనా ఆవిడ దగ్గర కూర్చున్నాం. బోర్డు మీద ముఖం 350, చెయ్యి 350, రెండూ అయితే 600. నేను ముందే కాగితం మీద 350 రాసి "మొత్తం ముఖానికి, అన్ని ప్రశ్నలకీ ఇంతేనా" అని చూపించాను, ఆవిడ తలూపింది. ఒక్క ప్రశ్న అడగలేదు. అమ్మ కుర్చీని వెలుతురు వైపు తిప్పి, జుట్టు వెనక్కి తీయించి, ఐదు నిమిషాలు ఊరికే చూసింది. తర్వాత నెమ్మదిగా ఇంగ్లీషులో అంది: "మీరు నిద్రపోలేదు. ఎవరు భయపెట్టారు?"

అమ్మ ఏడ్చేసింది. నేను జరిగిందంతా చెప్పాను. అప్పుడావిడ కాగితం మీద ముఖం గీసి వివరంగా చెప్పింది. ముఖం మూడు భాగాలు. నుదురు 15 నుంచి 30 ఏళ్ల దాకా, కనుబొమల నుంచి ముక్కు కొన దాకా 31 నుంచి 50, ముక్కు కింద నుంచి గడ్డం దాకా 51 తర్వాత బతుకు. చెవులు బాల్యం. కనుబొమలు ఆయుష్షుకీ, అన్నదమ్ములకీ. నోరు రాబడి, పోబడి చూసే అధికారి. కణతలు దూర ప్రయాణాలకి. మగవాళ్లకి ఎడమ వైపు, ఆడవాళ్లకి కుడి వైపు ముఖ్యం (మనకి సరిగ్గా తిరగేసి, మగవాళ్లకి కుడి చెయ్యి చూస్తారు, ఆడవాళ్లకి ఎడమది). కళ్ల వంతు 35 నుంచి 40 ఏళ్ల మధ్య వస్తుందట. "ఈ మచ్చ చెప్పాల్సింది ఏదైనా ఉంటే మీకు నలభై నిండేలోపే చెప్పేసింది. ఇప్పుడు చూడాల్సింది మీ నోరూ గడ్డమూ. గడ్డం నిండుగా ఉంది."

అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తనకి 37 ఏళ్లప్పుడు తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి గుంటూరు ఆస్పత్రిలో 11 రోజులున్నాడు. "అదేనేమో" అంది. అదే అని నేననను. ముక్కు చూస్తే డబ్బు, మచ్చ చూస్తే కన్నీళ్లు తెలుస్తాయని నాకు నమ్మకం లేదు. కానీ రాత్రి నుంచీ బిగుసుకుపోయి ఉన్న అమ్మ భుజాలు అప్పుడు కిందకి దిగడం నా కళ్లతో చూశాను.

ఆవిడ చెప్పిన ఇంకో మాట మీరు గుర్తుపెట్టుకోండి. ఎముకా, మచ్చా సగమేనట, మిగతా సగం ముఖం రంగు, కళ. దాన్ని పొద్దున్నే, బాగా నిద్రపోయి లేచాక, సూర్యుడి వెలుతురులో చూడాలట. మరి రాత్రి తొమ్మిదింటికి, ఎర్ర బల్బు కింద, ఫోన్ లైటుతో చూసేవాడు ఏం చూస్తాడు? వాళ్ల శాస్త్రం ప్రకారమే అది తప్పు. అందుకే అంటున్నా, సరదా పడితే పగలే వెళ్లండి, మొత్తం ధర కాగితం మీద రాయించుకోండి, పిల్లల సంగతి మీ నోటితో చెప్పకండి, రాయో తాయెత్తో బయటికి తీశాడా లేచి వచ్చేయండి. గుండె జబ్బున్న పెద్దవాళ్లని అసలు కూర్చోబెట్టకండి.

ఆవిడ 350 తీసుకుని, "ఈరోజు రంగు చూడలేను, నిద్రలేమి తప్ప ఏమీ కనపడ్డం లేదు. రేపు పొద్దున్న రండి, డబ్బులొద్దు" అంది.

మధ్యాహ్నం పక్క స్టేషన్ డైమండ్ హిల్‌లో దిగి నాన్ లియన్ తోటకి వెళ్లాం. లోపల జలపాతం వెనక శాకాహార భోజనశాల ఉంది, చి లిన్ సన్యాసినుల మఠం వాళ్లది. అమ్మ మాంసం ముట్టదు, నాలుగు రోజులుగా బ్రెడ్డూ అరటిపళ్లతో నెట్టుకొస్తోంది. పుట్టగొడుగులతో చేసిన కూరలు మూడు, వేడి అన్నం, టీ, ముగ్గురికీ కలిపి 430 డాలర్లు. అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. మా ఆయన కూడా అప్పుడే మామూలుగా మాట్లాడ్డం మొదలుపెట్టారు. హాంకాంగ్ వెళ్లే శాకాహారులు ఇది వదులుకోకండి. ఆ రాత్రి అమ్మ తొమ్మిదింటికే పడుకుంది, ఫోన్ చెయ్యలేదు.

సాయంత్రం ఫ్లైట్, పొద్దున్నే మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లాం. రెండు నిమిషాలు చూసింది, నుదుటి మీద వేలు పెట్టి "క్లియర్" అంది. డబ్బు నిజంగానే తీసుకోలేదు. అమ్మ సంచీలోంచి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తీసి ఇచ్చింది. ఆవిడ ఒకటి తీసుకుని, పైనున్నది కాగితమనుకుని జాగ్రత్తగా విప్పబోయింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, తనో రేకు తీసుకుని అలాగే నోట్లో పెట్టుకుని చూపించింది.